మీర్‌పేటలో తీన్‌మార్... ట్రినిడాడ్‌లో సోకా!

పెళ్ళిళ్ళ ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, సాయంత్రం ఏడు దాటాక మీర్‌పేటలో బండి తీసినవాళ్ళు ఇంటికి ఎన్ని గంటలకి చేరతారో ఆ పైవాడికే తెలియాలి. టీకేఆర్ కమాన్ దగ్గర ఒక బరాత్. నాలుగడుగులు ముందుకెళ్తే ఇంకో బరాత్. వినాయక నవరాత్రులైతే ఇక చెప్పక్కర్లేదు. పక్కనే బాలాపూర్ కదా! 1994లో 450 రూపాయలకి వేలం పాడిన లడ్డూ, 2024లో 30 లక్షల పైచిలుకు పలికిన ఊరు. ఆ గణపయ్య కదిలే రోజున ఈ చుట్టుపక్కల రోడ్లన్నీ మోతతో ఊగిపోతాయి.

మా ఊరి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇప్పుడు చూస్తే కాలనీ మీద కాలనీ. నల్గొండవాళ్ళు, పాలమూరువాళ్ళు, ఖమ్మంవాళ్ళు, అటు గుంటూరు, కృష్ణావాళ్ళు... అందరూ వచ్చి కట్టుకున్న ఇళ్ళే. పెద్దచెరువు, చందన చెరువు, మంత్రాల చెరువు ఇంకా మిగిలాయి గనక ఇదొకప్పుడు పల్లెటూరేనని గుర్తుంటుంది. గుర్తు లేనివాళ్ళకి 2020 అక్టోబరు వానలు గుర్తు చేశాయి. మిథిలా నగర్ వీధుల్లోకి వచ్చిన నీళ్ళు రోజుల తరబడి కదల్లేదు. ఇటు సాగర్ రోడ్డు పట్టుకుంటే ఇబ్రహీంపట్నం. అటు బాలాపూర్ దాటి ఎర్రకుంట మీదుగా వెళ్తే బార్కస్. మధ్యలో మేం.

అయితే నేను చెప్పబోయేది రోడ్ల గురించి కాదు, ఆ రోడ్ల మీద మోగే మోత గురించి. అలాంటి మోతే భూగోళానికి అవతలి వైపు, ట్రినిడాడ్ అనే చిన్న దీవిలో ఒక పొడుగాటి మనిషి చేతిలో పడి 'సోకా' అయింది. అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది. సోకా అంటే మన సోకులాడి సోకు కాదండోయ్. అదొక సంగీతం పేరు. ఆ పేరు వెనక మన 'క' అక్షరం ఉందంటే మీరు నమ్మరు. కాస్త ఆగండి, అక్కడికే వస్తున్నా.

సోకా నాకేం తెలుసు అనుకుంటున్నారేమో, మీకు తెలిసే ఉంటుంది. 2016లో టీ20 ప్రపంచకప్ వెస్టిండీస్ గెలిచినప్పుడు డ్వేన్ బ్రావో పాడిన 'ఛాంపియన్' పాటకి మన పిల్లలు బడి వార్షికోత్సవాల్లో కూడా ఎగిరారు. బ్రావోది ట్రినిడాడ్. కుక్కల్ని ఎవరు వదిలారని అడిగే 'హూ లెట్ ద డాగ్స్ అవుట్' పాట గుర్తుందా? అది 2000లో బహమాస్ వాళ్ళ గొంతుల్లో ప్రపంచాన్ని చుట్టింది గానీ, అంతకు రెండేళ్ళ ముందే ట్రినిడాడ్‌కి చెందిన ఆన్సెల్మ్ డగ్లస్ కట్టిన కార్నివాల్ పాట అది. మాంట్‌సెర్రాట్ అనే ఇంకా చిన్న దీవి నుంచి ఆరో అనే గాయకుడు 1982లో 'హాట్ హాట్ హాట్' పాడితే, బొంబాయిలో బాబ్లా, కాంచన్‌లు దాన్ని హిందీలోకి తెచ్చేశారు. ఇవన్నీ సోకా చెట్టు కొమ్మలే. 2023లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి కోచ్‌గా ఉప్పల్ స్టేడియంలో కూర్చున్న బ్రయాన్ లారా కూడా ఆ దీవివాడే.

ఇక ఆ చెట్టు నాటిన మనిషి సంగతి.

అతని అసలు పేరు గార్ఫీల్డ్ బ్లాక్‌మన్. 1941 అక్టోబరు 6న దక్షిణ ట్రినిడాడ్‌లో లెంగువా అనే పల్లెలో పుట్టాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. పాటగాడిగా పెట్టుకున్న పేరేమో లార్డ్ షార్టీ! అంటే 'పొట్టి దొర' అన్నమాట. కాలిప్సో గాయకులకి ఇలాంటి బిరుదులంటే మహా సరదా. మన హరికథ దాసుల్లా ఊరి సంగతులూ రాజకీయాలూ ఎత్తిపొడుపులూ కలిపి పాటలు కట్టి పాడేవాళ్ళు వాళ్ళు. షార్టీ 1960లలోనే ఆ గుంపులో పేరు తెచ్చుకున్నాడు.

షార్టీ ఆఫ్రికన్ సంతతివాడు. కానీ లెంగువా చుట్టుపక్కలంతా భారతీయుల ఊళ్ళు. పక్కనే బారక్‌పూర్. అవును, బెంగాల్లో మంగళ్ పాండే తిరగబడ్డ బారక్‌పూర్ పేరే సముద్రం దాటి వెళ్ళి అక్కడ స్థిరపడింది. చెరుకు తోటల మధ్య భోజ్‌పురి పాటలు, పెళ్ళిళ్ళలో డోలక్, ఊరేగింపుల్లో తాషా. ఈ మోతల మధ్యే ఆ కుర్రాడు పెరిగాడు. మనకి పక్కింట్లో భజన జరుగుతుంటే నిద్రలో కూడా తాళం తెలిసిపోతుంది చూడండి, అలాగన్నమాట.

బారక్‌పూర్ అన్న పేరు వినగానే నాకు బార్కస్ గుర్తొచ్చింది. రెండు పేర్లకీ మూలం ఒకటే, సైనికుల బ్యారక్స్. మీర్‌పేట నుంచి ఆటోలో అరగంట దూరం. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు అక్కడ ఉండిపోయారు. ఇవాళ జనం మండీ తినడానికీ, పొద్దున్నే హరీస్ కోసమూ పోతారు. నేను మాత్రం ఒక ఆదివారం మర్ఫా కోసం పోయాను.

మర్ఫా సంగతి తెలియకుండా హైదరాబాద్ పెళ్ళి మోత అర్థం కాదు. డోళ్ళు, డఫ్, ఒక లోహపు బిందె, కర్ర పుల్లలు... ఇంతే సరంజామా. బార్కస్ అరబ్బులది ఒక రకం, సిద్దీలది ఇంకో రకం. సిద్దీలంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. వనపర్తి సంస్థానంలో అంగరక్షకులుగా ఉన్న దళాన్ని అక్కడి రాజు నిజాంకి అప్పగించాడు. అదే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వాళ్ళున్న చోటే నేటి ఏసీ గార్డ్స్. రోజూ ఆ పేరున్న బస్టాపులో దిగేవాళ్ళలో ఎంతమందికి అందులోని 'ఏ' అంటే ఆఫ్రికా అని తెలుసో! మన 'తీన్‌మార్' కూడా ఈ మర్ఫా దెబ్బల్లోంచి పుట్టిందేనంటారు. ఆఫ్రికా చేతులు, అరబ్బు చేతులు, మన డప్పు చేతులు కలిసిన మోత అది. బోనాల్లోనూ ఉంది, నిఖాలోనూ ఉంది, పార్టీ గెలుపు ర్యాలీలోనూ ఉంది.

అంటే ఆఫ్రికా దరువు, భారతీయ దరువు కలవడం అనేది హైదరాబాద్‌లో ఒక రకంగా జరిగింది. ట్రినిడాడ్‌లో ఇంకో రకంగా జరిగింది. ఇక్కడ ఎవరూ పేరు పెట్టి చేయలేదు. తరాల మీద దానంతటదే అయింది. అక్కడ మాత్రం ఒక మనిషి కూర్చుని, ఆలోచించి, తిట్లు తిని చేశాడు.

తిట్లెందుకో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ట్రినిడాడ్ చెరుకు తోటల్లో ముందు పనిచేసింది ఆఫ్రికా బానిసలు. బానిసత్వం రద్దయ్యాక తోటల దొరలకి కూలీలు కావలసి వచ్చారు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి 225 మంది దాకా మనవాళ్ళని తెచ్చి దించింది. అప్పటినుంచి 1917 వరకూ దాదాపు 1,44,000 మంది వెళ్ళారు. ఎక్కువమంది బీహార్, అవధ్ వైపువాళ్ళు. మద్రాసు రేవు నుంచీ కొన్ని ఓడలు వెళ్ళాయి. వాటిలో తమిళులూ తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి 'మద్రాసీలు' అన్నారు. మన భాష అక్కడ నిలవలేదు. మోత మాత్రం అక్కడక్కడా నిలిచింది. పొరుగున గయానాలో మద్రాసీలు చేసే కాళీమాయి పూజల్లో ఇప్పటికీ కొట్టే వాద్యం పేరు 'తప్పు'. మన తప్పెటకి, డప్పుకి చుట్టం.

ఇంకో తమాషా. ట్రినిడాడ్‌లో సాన్ ఫెర్నాండో పట్నం దగ్గర గోల్కొండ అనే ఊరుంది! ఒకప్పుడది చెరుకు తోట పేరు. వజ్రాల ఖ్యాతి విన్న ఏ దొర పెట్టుకున్నాడో గానీ, షార్టీ పుట్టిన ప్రాంతానికి అది పెద్ద దూరం కాదు. హైదరాబాదీ ఎవరైనా ఆ దీవి పటం చూస్తే బారక్‌పూర్ పక్కన గోల్కొండ కనపడి కళ్ళు నులుముకోవాల్సిందే.

ఆ గోల్కొండ పక్క పట్నంలోనే 1884 అక్టోబరు 30న కాల్పులు జరిగాయి. కారణం మన పీర్ల పండగ. అక్కడ దాన్ని 'హోసే' అంటారు, హుస్సేన్ పేరు మీద. మన తెలంగాణ పల్లెల్లో పీర్లని హిందువులే ఎత్తుకున్నట్టు, అక్కడా హిందువులు, ఆఫ్రికన్లు అందరూ కలిసి తాషాలు మోగిస్తూ తాజియాలు ఊరేగించేవాళ్ళు. పట్నంలోకి రావద్దని ఇంగ్లీషు ప్రభుత్వం హుకుం జారీ చేసింది. వాళ్ళు వచ్చారు. పోలీసులు కాల్చారు. చాలామంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. ఆ రోజుల్లోనే ఆఫ్రికన్ల డోళ్ళ మీదా నిషేధం పెట్టారు. డోలు లాక్కుంటే వాళ్ళు వెదురు బొంగులు నేలకేసి కొట్టారు. తర్వాత వెదురూ వద్దంటే బిస్కెట్ డబ్బాలు, ఆఖరికి నూనె పీపాలు తీసుకున్నారు. ఇవాళ ట్రినిడాడ్ జాతీయ వాద్యం స్టీల్‌పాన్ ఆ నూనె పీపాల్లోంచి పుట్టిందే. దరువుని ఆపడం ఏ సర్కారు వల్లా కాలేదు.

అయితే ఒకే తుపాకీ ముందు నిలబడ్డా, ఆఫ్రికన్లు, భారతీయులు ఒకటి కాలేదు. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక ఓట్లు కూడా దాదాపు జాతి లెక్కనే పడ్డాయి. 2011 జనాభా లెక్కల్లో భారతీయ సంతతి 35 శాతం, ఆఫ్రికన్ సంతతి 34 శాతం. చూశారుగా, నువ్వా నేనా అన్నట్టుంటుంది. 1970లో బ్లాక్ పవర్ ఉద్యమకారులు ఇద్దరం ఒకటవుదామంటూ పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి చెరుకు కూలీల ఊళ్ళకి పెద్ద ఊరేగింపుగా నడిచారు. ఆ నడక తర్వాత మూడేళ్ళకి షార్టీ పాట వచ్చింది.

పాట పేరు 'ఇంద్రాణి'. 1973. అందులో డోలక్ ఉంది, ధంతాల్ ఉంది. ధంతాల్ అంటే నిలువు ఇనుప కడ్డీ, గుర్రపునాడా లాంటి ముక్కతో కొడతారు. వినడానికి భారతీయుల పెళ్ళి, పాడటం కాలిప్సో గాయకుడు. ఎందుకిలా చేశాడంటే, కాలిప్సో పని అయిపోయింది, ఇక అంతా జమైకా రెగేదేనని ఊరంతా అనుకుంటున్న రోజులవి. చిన్నప్పటినుంచి చెవిలో ఉన్న ఆ దరువు తెచ్చి ముసలిదైపోయిన కాలిప్సోకి నెత్తురెక్కిద్దామనుకున్నాడు.

రెండు వైపులా వాయించారు! కాలిప్సో పెద్దలేమో, మన పాటని కూలీల పాట చేశాడన్నారు. భారతీయుల్లో కొందరేమో, మా ఆడపిల్ల పేరు పెట్టి మమ్మల్నే ఎగతాళి చేస్తున్నాడన్నారు. కలపాలని చూసినవాడికి ముందు దక్కేది ఇద్దరి కోపమూను.

ఇక్కడే షార్టీ చేసిన పని నాకు అద్భుతంగానూ, కొంచెం బాధగానూ అనిపిస్తుంది. డోలక్ కనబడితే కదా గొడవ? కనబడకుండా చేద్దాం అనుకున్నాడు. డోలక్ మీద పలికే లెక్కని విడదీసి డ్రమ్ములకి కొంత, బేస్ గిటార్‌కి కొంత, గిటార్‌కి కొంత పంచాడు. భారతీయ వాద్యాలు తీసేశాడు. దరువు మిగిలింది. 1974లో 'ఎండ్‌లెస్ వైబ్రేషన్స్' వచ్చింది. అదే దరువుకి ఈసారి దీవంతా ఎగిరింది. తిట్టినవాళ్ళూ ఎగిరారు. ఎవరి దరువో తెలియకుండానే ఎగిరారు.

ఇప్పుడా 'క' సంగతి. కొత్త సంగీతానికి అతను పెట్టిన పేరు 'సోకాహ్'. కాలిప్సోలోని 'సో'. దానికి భారతీయ అక్షరమాలలోని 'క'. మనం పలక మీద దిద్దిన హల్లుల్లో మొదటిది! భారతీయ దరువు ఇందులో ఉందని చెప్పడానికే ఆ అక్షరం పెట్టానని తర్వాత వివరించాడు. పత్రికలవాళ్ళు స్పెల్లింగ్ మార్చేశారు. 'హెచ్' పోయింది, 'కె' పోయి 'సి' వచ్చింది. జనం దాన్ని 'సోల్ కాలిప్సో'కి పొట్టి పేరు అనుకున్నారు. ముందు డోలక్ పోయింది, తర్వాత పేరులోంచి 'క' కూడా పోయింది. సోకా తండ్రి అనే బిరుదు ఒక్క షార్టీకే ఇవ్వడం అన్యాయమని, మాస్ట్రో లాంటి ఇతర గాయకులూ, ఎడ్ వాట్సన్ లాంటి సంగీత నిర్వాహకులూ ఉన్నారని వాదించేవాళ్ళున్నారు. ఉండొచ్చు. కానీ చెరుకు తోటల దరువుని పెద్ద వేదిక మీదికి ఎక్కించి మొదటి దెబ్బలు తిన్నది మాత్రం ఈ పొడుగాయనే.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1978లో పెద్దాయన లార్డ్ కిచెనర్ 'షుగర్ బమ్ బమ్'తో సోకా బాట పట్టాడు. ఇక ఎదురు లేదు. లండన్ నాటింగ్ హిల్, టొరంటో కరిబానా, న్యూయార్క్ బ్రూక్లిన్... కరీబియన్లు వలస పోయిన ప్రతి నగరంలో కార్నివాల్, ప్రతి కార్నివాల్‌లో సోకా. సెయింట్ విన్సెంట్ దీవికి చెందిన కెవిన్ లిటిల్ పాడిన 'టర్న్ మీ ఆన్' 2003లో బ్రిటన్, 2004లో అమెరికా పట్టికల్లో పైకెక్కింది. 2013లో బంజీ గార్లిన్ 'డిఫరెంటాలజీ'కి అమెరికాలో సోల్ ట్రెయిన్ అవార్డు వచ్చింది. చిన్నప్పుడే పాడటం మొదలుపెట్టిన మాచెల్ మాంటానో నలభై ఏళ్ళుగా జనాన్ని ఎగిరిస్తూనే ఉన్నాడు. టొరంటోలో ఉంటున్న మా అక్క కొడుకు కరిబానా వీడియో పంపి "మామా, అచ్చం మన నిమజ్జనమే" అన్నాడు. లారీ మీద బాక్సులు, వెనక ఎగిరే జనం, రోడ్డు మీద నీళ్ళ ప్యాకెట్లు. వాడన్నది నిజమే.

మరి షార్టీ? పాట పెద్దదవుతున్నప్పుడే ఆయన దాంట్లోంచి లేచి వెళ్ళిపోయాడు.

1977లో స్నేహితుడు మాస్ట్రో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ దెబ్బకి షార్టీ మనసు విరిగింది. అప్పటిదాకా విలాసపురుషుడిగా పేరు మోసినవాడు, 1980 ప్రాంతంలో భార్యాబిడ్డల్ని తీసుకుని పిపారో అనే అడవి ఊరికి వెళ్ళిపోయాడు. జడలు పెంచాడు. పేరు మార్చుకుని రాస్ షార్టీ ఐ అయ్యాడు. పిల్లలందరితో కలిసి 'లవ్ సర్కిల్' అనే కుటుంబ బృందం పెట్టాడు. జనాన్ని కలపడానికి నేను చేసిన సంగీతాన్ని నడుం ఊపుకునే తాగుబోతు పాటల పాలు చేశారని బాధపడ్డాడు. దేవుడి కోసం 'జమూ' అనే కొత్త రకం మొదలుపెట్టాడు. జమూ సోకా అంత దూరం పోలేదు. అయినా అందులోంచే 1989లో 'వాచ్ అవుట్ మై చిల్డ్రన్' వచ్చింది. మత్తుమందుల జోలికి పోవద్దని పిల్లల్ని ఒక తండ్రి బతిమాలుకునే పాట. షార్టీ పేరు తెలియని కరీబియన్ ఇళ్ళల్లో కూడా ఆ పాట తెలుసు.

ఇది మనకి కొత్త కథ కాదు. ఊర్లో పుట్టిన జానపదం సినిమాలో ఐటం సాంగయ్యాక, మొదట పాడినవాళ్ళ ముఖంలో కనబడేది ఇదే. అయితే షార్టీ కోపంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. దరువంటేనే నడుం కదలడం. బరాత్‌లో మామగారు కూడా రెండు స్టెప్పులు వేస్తేనే అది బరాత్. అది తప్పెలా అవుతుంది? తప్పు ఎక్కడుందంటే, ఎగిరేవాడికి కొట్టేవాడి పేరు తెలియకపోవడంలో ఉంది.

ఆ లోటుని కొంతవరకు తీర్చింది ఇద్దరు భారతీయ సంతతి గాయకులు. ఒకరు బారక్‌పూర్‌లోనే పుట్టిన సుందర్ పోపో. షార్టీ కన్నా రెండేళ్ళు చిన్న. 1970 ప్రాంతంలో 'నానా అండ్ నానీ' అని తాతా అమ్మమ్మల మీద హిందీ, ఇంగ్లీషు కలిపి సరదా పాట పాడి పెళ్ళిళ్ళ పాటని రేడియోకెక్కించాడు. దాన్ని 'చట్నీ' సంగీతం అంటారు, తినే చట్నీయే! రెండోవారు ద్రుపతీ రామ్‌గూనై. మన ద్రౌపదే. 1987లో 'చట్నీ సోకా' అని ఆల్బమ్ పేరే పెట్టి, మరుసటి ఏడాది 'మిస్టర్ బిసేసర్' పాడింది. అదొక తాషా వాద్యగాడిని పొగిడే పాట. షార్టీ దాచేసిన డోళ్ళని ఆవిడ మళ్ళీ బయటికి తెచ్చింది. ఈసారి తిట్లు తిన్నది ఆవిడ. మంచి ఇంటి ఆడపిల్ల కార్నివాల్ వేదికెక్కి నడుం తిప్పుతుందా అని సొంతవాళ్ళే అన్నారు. ఆవిడ మానలేదు. 1990ల మధ్యకి వచ్చేసరికి చట్నీ సోకాకి విడిగా పెద్ద పోటీలే మొదలయ్యాయి. 2000లో మాచెల్ మాంటానో, ద్రుపతీ కలిసి 'రియల్ యూనిటీ' పాడారు. అదే ఏడాది మే 2న సుందర్ పోపో, జులై 12న షార్టీ కన్నుమూశారు. షార్టీకి ఎముక మజ్జ క్యాన్సర్. పక్క పక్క ఊళ్ళవాళ్ళు, రెండున్నర నెలల తేడాలో.

ఇప్పుడు బార్కస్ వెళ్ళిన ఆదివారం సంగతి చెప్తాను. ఆ దారిలో ఒక బ్యాండు మేళం షెడ్డులో తాషా కొట్టే పెద్దాయన కనిపించాడు. తాషా అంటే గిన్నె లాంటి డోలు, మెడకి తగిలించుకుని రెండు సన్న పుల్లలతో కొడతారు. ట్రినిడాడ్ తాషా కూడా సరిగ్గా ఇలాంటిదే. అక్కడ ముందుండి నడిపించే తాషాని 'కట్టర్' అంటారు. వెంట ఇంకో తాషా, పెద్ద డోలు, ఝాంజ్ తాళాలు ఉంటాయి. ఫోన్‌లో ఆ దీవివాళ్ళ మేళం పెట్టి వినిపించాను.

పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు. "ఏ ఊరోళ్ళు సార్ వీళ్ళు?" అన్నాడు.

"చాలా దూరమన్నా. సముద్రం అవతల. నూటయాభై ఏళ్ళ కింద పోయినవాళ్ళ పిల్లలు."

"మనోళ్ళే సార్. చెయ్యి తెలుస్తలేదా? జర తొందర ఎక్కువున్నది గంతే."

తర్వాత సోకా పాట పెట్టాను, డోళ్ళు లేనిది. ఒక నిమిషం విని, వేలితో మోకాలి మీద కొట్టి చూసి, "గిది డీజే పాట గదా" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. సంగీత పండితులైతే తీన్‌మార్ లెక్క వేరు, సోకా లెక్క వేరు అంటారు. నిజమే, తీన్‌మార్‌లో మూడు దెబ్బలు నిలబడతాయి, సోకా నాలుగు మీద పరుగెడుతుంది. కానీ పెద్దాయన చెప్పింది లెక్క గురించి కాదు. మొదటి దాంట్లో మనుషుల చేతులున్నాయి, రెండో దాంట్లో ఆయనకి చేతులు కనబడలేదు.

ముహూర్తాలు ఎలా ఉన్నాయని అడిగాను. "ప్యాడ్ బ్యాండ్ అచ్చినంక సగం పోయినయ్ సార్. డీజే అచ్చినంక మిగిలినయి పోయినయ్. పెండ్లికొడుకు గుర్రం ఎక్కేటప్పుడు పది నిమిషాలు ఫొటోలకు కొట్టుమంటరు. తర్వాత డీజేల మా దరువే పెడ్తరు." నవ్వాడు. "మా దరువుకు మేమే నిలబడి సూడాలె."

2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేల్ని నిషేధించినప్పుడు ఇలాంటివాళ్ళకి మళ్ళీ పిలుపులు వస్తాయని చాలామంది అన్నారు. అది విన్నావా అంటే, "అన్నరు" అన్నాడు. అంతకుమించి ఏం చెప్పలేదు.

మాట్లాడుతూనే గోనెపట్టా ముక్కలకి నిప్పంటించాడు. తాషాని మంట చుట్టూ తిప్పుతూ కాచాడు. మధ్యమధ్య వేలితో కొట్టి వింటున్నాడు. డప్పు కొట్టేవాళ్ళు కూడా అంతే, సిర్ర, సిటికెన పుల్ల అందుకునే ముందు మంట వేసుకుంటారు. తోలు వేడెక్కి బిగిస్తేనే మోత. ట్రినిడాడ్ తాషావాళ్ళూ ఊరేగింపుకి ముందు రోడ్డు పక్కన ఇలాగే మంట చుట్టూ చేరతారు. అయితే అక్కడ ఇప్పుడు చాలామంది బోల్టులతో బిగించే ప్లాస్టిక్ తోలు డోళ్ళు వాడుతున్నారని చెప్పాను. మంట అక్కర్లేదు, వాన పడినా మోగుతుంది.

"గీడ గూడ అచ్చినయ్ సార్ ఫైబర్‌వి" అన్నాడాయన. "నా కొడుకు గదే కొంటనంటున్నడు. మంట పెట్టుకుంట కూసుంటే డీజేవోడు లైన్ కట్టేస్తున్నడంట." తాషా మీద ఒక్క దెబ్బ వేసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇంకా బిగియలేదనుకున్నాడేమో, మళ్ళీ మంట మీద తిప్పడం మొదలుపెట్టాడు.